మా అప్ప ఎత్తిన రెండు వేళ్ళు

మా అపార్ట్‌మెంట్ వినాయకచవితికి కమిటీ వాళ్ళు బతకనిచ్చిన ఆట ఒక్కటే. నోరు మెదపకుండా సైగలతో సినిమా పేరు చెప్పాలి, మన జట్టువాళ్ళు కనిపెట్టాలి. కిందటేడు పాటల పోటీలో ఎవరో ఒక హీరో పాట అందుకుంటే, ఆయన పార్టీ గిట్టనివాళ్ళు కేకలు వేశారు, గిట్టేవాళ్ళు కుర్చీలు ఎత్తారు. ఆ గొడవ తర్వాత మాటలు మానేసిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అందుకని ఈసారి పాటలు లేవు, మిమిక్రీ లేదు, నాటిక లేదు. సైగలాటలో కూడా కొత్త సినిమాలు వద్దన్నారు, హీరోలు రాజకీయాల్లో ఉన్నారని. పాతవి పెడదామంటే పాత హీరోలు మాత్రం తక్కువ తిన్నారా? చివరికి దేవుడి సినిమాల దగ్గరికొచ్చి ఆగారు.

మా అప్ప మాతోనే ఉంటుంది. అప్ప అంటే మా వైపు అక్క. గొంతుకి ఆపరేషన్ జరిగి మాట పోయింది. అంతకుముందు ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. నేను స్టీల్ ప్లాంటు నుంచి షిఫ్టు దిగి వస్తే, తను చూసొచ్చిన మ్యాట్నీ కథ ఫైటింగులతో సహా చెప్పిగానీ అన్నం పెట్టేది కాదు. మాట పోయాక నలుగురిలోకి రావడం మానేసింది. ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో చెప్పబోతే అవతలివాళ్ళు అర్థంకాక జాలిగా నవ్వుతారు. ఆ నవ్వు ఆవిడకి పడదు. అలాంటిది ఈ ఆటకి తనే వెళ్ళి పేరిచ్చింది. ఇందులో అందరూ మూగవాళ్ళే కదా! వారం నుంచీ అద్దం ముందు నిలబడి వేషాలు వేస్తుంటే మా ఆవిడా నేనూ పడీ పడీ నవ్వాం.

ఆ సాయంత్రం పట్టుచీర కట్టుకుని సెల్లార్లో వేసిన స్టేజీ ఎక్కింది. చీటీ తీసి చదివి, నాకేసి చూసి కళ్ళెగరేసింది. తనకి బాగా తెలిసిన సినిమా అన్నమాట. ఈ ఆటలో ఎవరైనా ముందుగా చేసేది, పేరులో ఎన్ని మాటలున్నాయో వేళ్ళతో చూపించడం. అప్ప రెండు వేళ్ళు ఎత్తింది.

“ఏయ్, ఆ ఏళ్ళేటి?” ముందు వరసలోంచి ఒకాయన లేచాడు. “అది పార్టీ సైగ కాదేటి? దేవుడి పందిట్లో ప్రచారం సేత్తన్నారా?”

వేళాకోళం అనుకున్నాను. కాదు, మనిషి మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. అప్ప కంగారుపడి, ఆగండి అన్నట్టు అరచెయ్యి చాపింది.

“ఇప్పుడు సెయ్యి సూపిత్తంది!” అని వెనకనుంచి ఇంకొకడు అరిచాడు. అదీ ఒక పార్టీ గుర్తే మరి. జనం పకపకా నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి.

మా సెక్రటరీ పరుగున నా దగ్గరికొచ్చాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

“బావా, ఆ ఏళ్ళు దించీమను.”

“మాటలెన్నో సెప్పాలంటే ఏళ్ళు ఎత్తాలి కదా బావా. ఆటే అది.”

“నాకు తెల్దేటి? వీడియో తీత్తన్నారు. రేపు గ్రూపులో ఎడితే మన అపార్ట్‌మెంట్ ఏ పార్టీదని అడుగుతారు.” స్టేజీ వైపు తిరిగి ఎంతో మర్యాదగా, “అమ్మా, ఏళ్ళు వద్దు. రెండు మాటలని నోటితో సెప్పీండి, సాలు,” అన్నాడు.

ఆవిడకి మాట రాదని అతనికి తెలియక కాదు. ఆపరేషన్‌కి రక్తం ఇచ్చినవాళ్ళలో అతనూ ఒకడు. వీడియో భయంలో ఆ సంగతే మరిచిపోయాడు. ముందు వరసవాడి మీద నాకు కోపమే వచ్చింది, ఇతణ్ణి చూస్తే మాత్రం రోత పుట్టింది. ఏ నాయకుడూ మా సెల్లార్లోకి తొంగి చూడటం లేదు. ఎవడూ అడక్కుండానే మాకు మేమే కాపలా కాసుకుంటూ, చేతుల్లో పులిహోర పొట్లాలు పెట్టుకుని, ఒక ముసలామె వేళ్ళ మీద విచారణ జరుపుతున్నాం. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

“మా అప్పకి ఆ ఏళ్ళే నోరు! సిగ్గు నేదేటి మీకు?” అని లేచి అరిచాను.

సిగ్గు ఎవరికీ రాలేదు. నాది ఏ పార్టీ అని అడిగారు.

అప్ప చీటీ మడిచి బల్లమీద పెట్టి, మెట్లు దిగి వచ్చేసింది. మైకులో తర్వాతి పేరు పిలిచారు.

మర్నాడు అప్పా నేనూ కూరలు కొనుక్కొచ్చి లిఫ్టు ఎక్కాం. కొత్తగా అద్దెకి దిగిన ఆఫీసు పిల్ల ఒకతి బటన్ల దగ్గర నిలబడి, “ఏ ఫ్లోర్ ఆంటీ?” అని నవ్వుతూ అడిగింది. మాది ఐదో అంతస్తు. అప్ప చెయ్యి సగం లేచింది. వేళ్ళు విచ్చుకోకముందే ఆగి, ఆ పిల్ల మొహంలోకి ఒకసారి చూసి, చేతిని కొంగులో చుట్టేసుకుంది.

“ఐదు,” అన్నాను నేను.