వైండింగ్ డ్రైవర్ మీద ఓవర్‌స్పీడ్ కేసు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను మా నాన్న పరువు కాపాడిన కథ. ఎలా కాపాడానంటారా? పెట్టెలో భద్రంగా ఉన్న పరువును బయటికి తీసి, పదకొండుమంది పెద్దమనుషులతో పోలీస్ స్టేషన్‌దాకా ఊరేగించి, అక్కడి బల్లమీద పెట్టి పగలగొట్టాను. ఇంత ఘోరానికీ కారణం ఒక్క కాగితం. దాన్ని నేను మొదటి నుంచి చివరిదాకా చదివి ఉంటే, ఇవాళ మా ఇంటి గోడకు ఆ ఫోటో వేలాడేది కాదు.

మాది ఆండర్సన్‌పేట. మా నాన్న నారాయణప్ప బంగారు గనిలో వైండింగ్ డ్రైవర్‌గా పనిచేశాడు. గని మూసేసేనాటికి నేను చంకలో పిల్లని, కాబట్టి ఆ ఉద్యోగాన్ని కళ్ళతో చూడలేదు, చెవులతో మాత్రం రోజుకు రెండు పూటలా విన్నాను. కార్మికులు ఇనపబోనులో నిలబడితే, పైన ఇంజన్ గదిలో కూర్చున్న డ్రైవర్ దాన్ని తాడుతో పాతాళంలోకి దింపుతాడు, మళ్ళీ పైకి లాగుతాడు. ఆయనకు బోను కనపడదు, మనుషులూ కనపడరు. బెల్లు ఒక్కటే వినిపిస్తుంది. ఆ బెల్లును బట్టి దింపడం, లాగడం, ఆపడం.

"మనుషులుండే బోను పాపా అది," అనేవాడు నాన్న. "వాళ్ళ కాళ్ళ కింద కదిలినట్టే తెలీకూడదు. స్పీడు అనేది తెలివిలేనోళ్ళు చేసే పని."

గని పోయాక ఆయన చేతికి మిగిలిన ఏకైక యంత్రం మా స్కూటర్. దాన్నీ అదే పద్ధతిలో నడిపాడు. నాన్న స్కూటర్ మీద బజారుకు బయలుదేరితే, మా వీధి కుక్కలు తరమడానికి లేచి, కాసేపు పక్కనే నడిచి, విసుగొచ్చి మళ్ళీ పడుకునేవి. తలమీద మామూలు హెల్మెట్ కాకుండా గనిలో ఇచ్చిన టోపీ ఉండేది. ముందు లైటు తగిలించుకునే ఇత్తడి కొక్కెంతో సహా. వెనక కూర్చునేవాళ్ళకూ రూల్స్ ఉండేవి, ఆయన భుజమే బెల్లు. భుజం మీద ఒకసారి తడితే ఆపాలి, రెండుసార్లు తడితే బయలుదేరాలి, ఆపైన తడితే ఇంకొంచెం వేగం. ఆ మూడో రూలు ఇంతవరకూ ఎవరూ వాడలేదని ఆయనే గర్వంగా చెప్పేవాడు.

నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే రైలు అందుకోవాలి, ఆ వేళకు మా వీధికి ఆటో రాదు. వారం రోజులు బతిమాలితే నాన్న స్కూటర్ ఇచ్చాడు, ఒక షరతు మీద.

"ఒక్క కంప్లైంటు వచ్చిందంటే, బండి ఎవరు తోలింటే వాళ్ళు కీ ఇచ్చేసేది. ఇంగ మాటల్లేవు."

కీ పోతే రైలు పోతుంది, రైలు పోతే ఉద్యోగం పోతుంది. కాబట్టి నేను ఆ తాళంచెవిని మంగళసూత్రం కన్నా భద్రంగా చూసుకున్నాను. నాకు పెళ్ళి కాలేదన్న సంగతి వేరు.

అలా ఉండగా ఒక శనివారం పోస్ట్‌మ్యాన్ తలుపు కొట్టాడు.

"అప్ప ఉండాడామ్మా?" అన్నాడు. మా వైపు అప్ప అంటే నాన్నే.

"పాలకు పోయినాడు. ఏమిటికి?"

"పోలీసోళ్ళ కవరు. నువ్వే సంతకం పెట్టు."

చించి చూశాను. మా బండి నంబరు, మా నాన్న పేరు, ముల్బాగల్ రోడ్డు, ఓవర్‌స్పీడ్, ఫైను. తేదీ అంతకుముందు ఆదివారానిది. కింద ఒక ఫోటో. ఇంకు అయిపోయిన యంత్రంలో అచ్చువేసినట్టున్నారు, రాగిముద్దకు మసి పూసినట్టు ఉంది తప్ప అందులో ఏమీ కనపడలేదు. కనపడాల్సిన అవసరం కూడా లేదనుకున్నాను. ఎందుకంటే ఆ ఆదివారం పొద్దున ఆవనిలో నా స్నేహితురాలి నిశ్చితార్థానికి ఆ రోడ్డు మీదే వెళ్ళింది నేను. బూదికోటలో అత్తకు జ్వరమని, అమ్మను తీసుకుని వెళ్ళాలి, పదకొండుకల్లా బండి ఇంట్లో ఉండాలని నాన్న చెప్పాడు. నేను బొబ్బట్లు రెండోసారి వడ్డించేదాకా కూర్చుని, ఆ తర్వాత బండిని ఎలా తోలానో నాకూ, దేవుడికీ తెలుసు. మూడోవాళ్ళకు కూడా తెలిసిందని కవరు చూశాకే అర్థమైంది.

తప్పు చేసినవాళ్ళు కాగితం పూర్తిగా చదవరండీ. వాళ్ళకు కావలసింది మొదటి రెండు లైన్లలోనే దొరికిపోతుంది.

కవరు టిఫిన్ బ్యాగులో దాచి, తిన్నగా గోవిందప్ప మామ ఇంటికి పరిగెత్తాను. ఆయన గనిలో యూనియన్ సెక్రటరీ. మా ఊళ్ళో గని పోయింది కానీ యూనియన్ పోలేదు. నీళ్ళు రాకపోయినా, పెన్షన్ ఆలస్యమైనా, పక్కింటివాళ్ళ కోడి మన పెరట్లోకి వచ్చినా అర్జీ రాసేది ఆయనే. గుట్టుగా ఒక ఉత్తరం రాయించి ఫైను కొట్టేయించుకుందామని నా పథకం.

"మామా, యంత్రం ఏదో తప్పు చేసినట్టుండాది. మా అప్ప ఓవర్‌స్పీడ్ పోయినాడంట," అన్నాను, ముఖం అమాయకంగా పెట్టి.

మామ కళ్ళద్దాలు పెట్టుకుని పేరు చదివాడు, నేరం చదివాడు. ఆయన కూడా అక్కడితో ఆపేశాడు.

"నారాయణప్ప మీదనా? ఛార్జిషీటా?"

"ఛార్జిషీటు కాదు మామా, ఫైను."

"ఆరోపణ ఉండాదా? గడువు ఉండాదా? కింద ఆఫీసరు సంతకం ఉండాదా? అయితే ఛార్జిషీటే. పేరు మార్చినంత మాత్రాన మేము మోసపోయేది లేదు. ఎక్స్‌ప్లనేషన్ ఇస్తాము. సాక్షుల్ని పెడతాము. అందరం కలిసి డెప్యుటేషన్ పోతాము!"

"అయ్యో, డెప్యుటేషన్ అంతా వద్దు మామా. అప్పకు కూడా చెప్పద్దు."

"నేనెందుకు చెప్తాను?" అన్నాడు మామ. నేను ఇల్లు చేరేసరికి నాన్నకు తెలిసిపోయింది, వీధికి తెలిసిపోయింది, పాలవాడు మా అమ్మను ఓదారుస్తున్నాడు.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు. సాయంత్రానికి మామ తన బృందంతో దిగాడు.

"వద్దు గోవిందప్పా," అన్నాడు నాన్న మెల్లగా. "చిన్న విషయం. కట్టేసి వస్తాను."

"చూసినారాప్పా!" మామ అందరివైపూ తిరిగాడు. "చేయని తప్పుకు ఫైను కడతానంటాడు. మనిషి కాదు ఈయన, దేవుడు!"

"నా మాట విను. వదిలేయ్."

"వదిలేది లేదు. ఇది నీ ఒక్కని మర్యాద కాదు. గనిలో దిగిన ప్రతి ఒక్కని మర్యాద."

లోపల అమ్మ చేతిలోంచి గిన్నె జారిపడింది. నాన్న నా కళ్ళలోకి చూడటం లేదు. నాకు విషయం తెలిసిపోయింది. ఆ రోజు బండి తోలింది నేనేనని ఆయనకు తెలుసు, నా ఉద్యోగం పోకూడదని నేరం తన నెత్తిన వేసుకుంటున్నాడు. రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. నాన్నకు చక్కెర జబ్బు కాబట్టి ఆయనకు మాత్రం నేనే దగ్గరుండి రాగిముద్ద, ఆకుకూర పెట్టాను. ఆయన అది చూసి ఇంకా దిగులుపడ్డాడు. త్యాగం తాలూకు దిగులు అనుకున్నాను.

సోమవారం నేను సెలవు పెట్టాను. పదకొండుమంది ఇస్త్రీ చొక్కాలేసుకుని, జేబుల్లో పాత గని గుర్తింపు కార్డులు పెట్టుకుని స్టేషన్‌కు నడిచారు. మధ్యలో నాన్న, పెళ్ళికొడుకును బలవంతాన తీసుకుపోతున్నట్టు. స్టేషన్ గడప ఎప్పుడూ తొక్కని అమ్మ కూడా "నేనూ వస్తా" అని చెప్పులేసుకుంది.

కంప్యూటర్ ముందు కూర్చున్న పోలీసు మేడమ్ మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"ఏనప్పా, ఇంతమంది వచ్చిండారు? ధర్నానా?"

"ఎక్స్‌ప్లనేషన్ మేడమ్," అని మామ మూడు పేజీల కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు. భూమి పుట్టుకతో మొదలై, బంగారం దొరకడం మీదుగా, మా నాన్న ఉద్యోగంలో చేరడం దగ్గరకు వచ్చేసరికి మేడమ్ రెండుసార్లు ఆవలించింది. తర్వాత సాక్షులు.

"ఇరవై ఏండ్లు ఈయన తాడు మీద దిగినాను మేడమ్. చేతిలో టీ గ్లాసు ఉంటే చుక్క తొణకలేదు."

"నేను బోనులో నిలబడే నిద్రపోయినాను. కిందికి వచ్చినామని లేపితే గానీ తెలీలేదు."

"ఈయనకు జోరు అనేదే తెలీదు మేడమ్. కావాలంటే వాళ్ళ ఇంటామెను అడగండి!"

అమ్మ గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చూస్తోంది. ఒక్కొక్క సాక్ష్యానికి నాన్న తల ఒక్కొక్క అంగుళం కిందికి దిగుతోంది, ఆయన బోనులాగే, కుదుపు లేకుండా. ఇక నేను తట్టుకోలేకపోయాను. లేచి బల్ల దగ్గరకు వెళ్ళాను.

"ఆపండి మేడమ్! బండి తోలింది మా అప్ప కాదు. నేను. ఆవనికి పోయి వస్తా నేనే జోరుగా తోలినాను. మా అప్ప నా కోసం నింద మోస్తాండాడు." స్కూటర్ కీ తీసి బల్లమీద పెట్టాను. "తీసుకో అప్పా. నీ షరతు ప్రకారం ఇది నీది."

గోవిందప్ప మామ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత తండ్రి! ఎంత కూతురు!"

"పాపా, కూర్చో," అన్నాడు నాన్న.

"లేదప్పా, నన్ను చెప్పనీ."

"కూర్చోమంటాండా కదా పాపా!" ఆ గొంతులో ఉన్నది ప్రేమ కాదని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మేడమ్ అడిగింది, "నువ్వు ఎన్ని గంటలకు పోయినావమ్మా ఆ రోడ్డులో?"

"పొద్దున మేడమ్. పదకొండుకు తిరిగొచ్చేసినాను."

"ఇందులో మధ్యాహ్నం మూడున్నర అని ఉండాది. కాగితంలో కూడా అదే రాసిండాది. చదవలేదా?" అని కంప్యూటర్‌ను మావైపు తిప్పింది.

అసలు ఫోటో అద్దంలా ఉంది. ముందు గని టోపీ, దానికి ఇత్తడి కొక్కెం. ఊరు మొత్తానికి అలాంటిది పెట్టుకుని తిరిగేది ఒక్కరే. టోపీ కింద మా నాన్న, ముప్పై రెండు పళ్ళూ కనపడేలా నవ్వుతున్నాడు. వెనక అమ్మ. తలలో మల్లెపూలు, కొంగు గాలిలో ఎక్కడికో పోతోంది, నోరు తెరిచి చిన్నపిల్లలా కేక వేస్తోంది. ఒక చేయి నాన్న భుజం మీద పైకి లేచి ఉంది, కొట్టబోతున్నట్టు.

పదకొండుమందీ వంగి చూశారు. ముందుగా తేరుకున్నది మామ.

"ఇది ముల్బాగల్ రోడ్డు కదా. బూదికోటకు పోయేది ఇటు కాదే? ఆ పొద్దు పెన్షన్ మీటింగుకు రమ్మంటే, చెల్లెలికి జ్వరం, బూదికోటకు పోవల్ల అంటివి!"

అమ్మ క్యాలెండర్ మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది, "దోసెకు పోతిమి."

"ఏ దోసెకమ్మా?" అన్నాను.

"ముల్బాగల్ దోసెకు. నెయ్యిది. నువ్వు ఇంట్లో చక్కెర చక్కెర అని ముద్ద తప్ప ఏమీ పెట్టనియ్యవు ఆయనకి. నీకు చెప్పి పోతే పోనిస్తావా? బయలుదేరేతలికే రెండు దాటింది, నాలుగు దాటితే పొయ్యి ఆర్పేస్తారంట. ఈయనేమో ఎద్దులబండి తోలినట్టు తోలతాండాడు. నేనేం చేసేది?"

గోవిందప్ప మామ చేతిలోని మూడు పేజీలను నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, విచారణ అధికారిలా అడిగాడు.

"నారాయణప్పా. నువ్వే చెప్పు ఎక్స్‌ప్లనేషన్."

నాన్న లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"వైండింగ్ డ్రైవరుకు కింద ఏముండాదో కనపడదు గోవిందప్పా. బెల్లు ఒకటే ఇనపడేది. బెల్లు కొడితే తోలేదే డ్రైవరు పని. ఇది రూలా కాదా?"

"రూలే," అన్నారు పదకొండుమందీ, అలవాటు కొద్దీ.

"మరి కొట్టినోళ్ళని అడగండి."

"ఎన్ని కొట్టింది?"

నాన్న వేళ్ళు మడిచి చూసి వదిలేశాడు. "లెక్కబెట్టలేకపోయినాను. కొడతానే ఉండింది."

మొదట నవ్వింది మేడమ్. ఆ తర్వాత స్టేషన్‌లో ఎవరు ఎవరి మీద పడి నవ్వారో చెప్పలేను. నవ్వు ఆగాక మేడమ్ కళ్ళు తుడుచుకుని ఫోటోను మళ్ళీ దగ్గరగా చూసింది.

"ఆ తలమీద ఉండేది హెల్మెట్ కాదప్పా, గని టోపీ. దానికి వేరే ఫైను. వెనక అమ్మకు అది కూడా లేదు. దానికీ వేరే."

"పూలు నలిగిపోతాయని తీసేసినాను," అంది అమ్మ.

ఒక్క ఫైను కొట్టేయించడానికి డెప్యుటేషన్ తీసుకెళ్ళి మూడు కట్టి వచ్చిన వ్యవహారం మా యూనియన్ చరిత్రలో అదొక్కటే. డబ్బు నేనే కట్టాను. ఈ పేరంటానికి అందర్నీ పిలిచింది నేనే కదా. ఆ నెల నేను కూడా ముద్ద, ఆకుకూరతోనే సరిపెట్టుకున్నాను.

ఇక కీ సంగతి. తోలినవాళ్ళు కీ ఇచ్చేయాలి. నాన్న తోలి ఫోటోలో దొరికాడు, నేను తోలి నోటితో దొరికాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, అమ్మ బల్లమీది కీ తీసి నడుములో దోపుకుంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ పొద్దున రైలు వేళకు చేయి చాపితే, ఆమె కీ ఇచ్చి నా భుజం మీద రెండుసార్లు తట్టి పంపుతుంది. ఆ ఫోటో కావాలని మేడమ్‌ను అడిగి వేయించుకున్నది కూడా ఆమే. నాన్న సర్వీస్ సర్టిఫికెట్ పక్కన తగిలించింది. నిజం చెప్పాలంటే, నాన్న అలా నవ్వడం నేను ఆ ఫోటోలోనే మొదటిసారి చూశాను. ముద్ద పెట్టిన చేత్తోనే నెలకొక నెయ్యిదోసెకు నేనే అనుమతి రాసిచ్చాను.

కాబట్టి ఆ ఫోటో మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కాగితం వచ్చినా తేదీ, గంట, ఫోటో మూడూ చూడకుండా నేరం ఒప్పుకోను. ఒప్పుకున్నా పదకొండుమంది ముందు ఒప్పుకోను. మా నాన్న "వద్దు, వదిలేయ్" అంటే అది త్యాగమని పొరపాటున కూడా అనుకోను. మొదట ఆయన మూతికి నెయ్యి అంటిందేమో చూస్తాను.