డుంబ్రిగుడ సంతలో పది ఐరిష్ అంకెలు కొలిచాను

మా బావ నూకరాజు ఫోన్లో ఆ మాట అనకపోతే నేను డుంబ్రిగుడ వెళ్ళేవాణ్ణి కాదు. అక్కడ అతనికి కిరాణా కొట్టుంది. పక్కింట్లో ఐర్లాండ్ పంతులమ్మ మేవ్ అని ఒకామె దిగిందట. ఊళ్ళోవాళ్ళకి సరదాగా ఐరిష్ భాషలో ఒకటి నుంచి పది నేర్పుతోందట, ఎవరూ ఐదు దాటలేదట. "నేనొస్తే పదీ సెప్తాను" అన్నాను. "నాలుగో తరగతి తప్పినోడివి, నీకేటొస్తాయి బావా? సెప్తే సంతలో అందరి ముందూ నీ మూట నెత్తిన మోస్తాను. తప్పితే మీ నాన్న మానిక నాకిచ్చీ" అన్నాడు. ఆ ఇత్తడి మానికతోనే మా నాన్నా, తర్వాత నేనూ శృంగవరపుకోట సంతలో ధాన్యం కొలిచాం. నలభై ఏళ్ళు నా కొలతకి వంక పెట్టినవాడు లేడు. దాని మీద బావ కన్ను నా పెళ్ళినాటి నుంచీ ఉంది. సరే అని మానిక సంచిలో పెట్టుకున్నాను.

విశాఖ నుంచి కిరండూల్ పోయే పాసింజరు మా స్టేషనుకి ఎనిమిది దాటాక వస్తుంది. టికెట్టు ముప్పై రూపాయలు. సొరంగాల్లో కుర్రకారు కేకలు భరించగలిగితే కొండలు బాగుంటాయి. అరకులో దిగేసరికి పదకొండు దాటింది. బయట డుంబ్రిగుడ జీపుంది, మనిషికి ముప్పై. "తాతా, ఎనక్కెక్కు" అన్నాడు డ్రైవరు. ముందు సీటు ఖాళీగా ఉండగా వెనకెందుకని ముందే కూర్చున్నాను.

మేవ్ ఉంటున్న ఇల్లు చిలకమ్మది. కాఫీ, చోళ్ళు, అంటే రాగులు, పండిస్తుంది, వచ్చినవాళ్ళకి గది ఇస్తుంది. భోజనం, పడక కలిపి ఐదువందలు. ఇంగ్లీషు ముక్కలు నాలుగు పట్టింది కాబట్టి మా ఇద్దరి మధ్యా ఆమే మాట అందించింది. మేవ్‌కి అరవై ఏళ్ళుంటాయి, మంచి ఓపిక. అ హేన్, అ దో, అ త్రీ అంది. అక్కడిదాకా నాకేం కష్టం లేదు. నాలుగు అ క్యాహిర్, ఐదు అ కూగ్. ఆరుకొచ్చేసరికి నాలుగు మర్చిపోయాను. గంట కూర్చున్నా అంతే. "తాతా, రేపు మానిక మీ బావ కొట్లో పై అర ఎక్కినట్టే" అని చిలకమ్మ నవ్వింది.

నాకు రోషం వచ్చింది. "చోళ్ళ బస్తా ఇలా లాగు" అన్నాను. మానిక ముంచి, అంచు మీద చేత్తో రాసి, గంపలో పోస్తూ ఒక్కో అంకె అన్నాను. ప్రతి అంకె ముందూ వాళ్ళు అనే ఆ చిన్న 'అ' మానిక లేపేటప్పుడు నాకొచ్చే ఊపిరే. అ షే, ఆరు. ఏడూ ఎనిమిదీ అ షాఖ్త్, అ హొఖ్త్, గొంతు గీరాలి. చుట్ట కాల్చిన గొంతు నాది, మేవ్ కన్నా బాగా గీరింది. అ నీ, అ జెహ్. దీపాలు పెట్టేలోపు పదీ చేతికొచ్చేశాయి.

మర్నాడు తొమ్మిదికే సంత నిండింది. బావ కొట్టు ముందు చోళ్ళ బస్తా విప్పాను. జనం మూగారు, మేవ్ తీర్పరి. మొదటి మానిక పోస్తూ నోటి వెంట గట్టిగా "లాభం!" అనేశాను. మా కొలతల్లో మొదటిదాన్ని ఒకటి అనం, శుభమని లాభం అనే అంటాం. నలభై ఏళ్ళ అలవాటు.

బావ ఎగిరాడు. "అయిపోనాది! మానిక ఇటు తే!"

నా చెయ్యి ఆగలేదు. "నోరు మూసుకో బావా. రెండోది ముంచానా? లాభం దేవుడిది, లెక్క ఇక్కణ్ణుంచి. అ హేన్!" అన్నాను.

"అదేటి, తప్పు కాదా?"

చిలకమ్మ మేవ్‌కి లాభం సంగతి చెప్పింది. మేవ్ ఏదో అంది. "ఆయమ్మ భాషలో తప్పు సెప్పలేదట, మీ భాషలో దండం పెట్టాడట. కానీమంది" అని చిలకమ్మ అరిచింది.

ఇంక నన్ను ఆపేదెవరు? అ దో, అ త్రీ, ఒక్క గింజ కింద పడకుండా అ జెహ్ దాకా పోశాను. సంతంతా ఈలలు. మేవ్ మానిక అడిగి తీసుకుని తనూ కొలిచింది. ఆమె మొదటిదాన్ని ఏమందనుకున్నారు? "లాభం!" అంది.

నాకు బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడమే కష్టం. అయినా డెబ్బై నాలుగేళ్ళకి పది కొత్త మాటలు నేర్చుకున్నాను, ఒకటి నేర్పి వచ్చాను. పలక మీద రానివి నాకు మానికలో వచ్చాయి. మానిక నా సంచిలోనే ఉంది. ఆ సంచీ, చిలకమ్మ ఇచ్చిన చోళ్ళూ బావ నెత్తిన జీపు దాకా ఊరేగాయి. దారిలో మూడుసార్లు దింపుతానన్నాడు, నేను ఒప్పుకోలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. సంత ఏ రోజో ముందే కనుక్కుని, ముందురోజే చేరండి, తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం రైలు అందేలా పన్నెండుకే జీపెక్కండి. బరువైన మూట మాత్రం తీసుకెళ్ళకండి, అందరికీ మా బావ దొరకడు.