మా పద్మక్క చిటికెన వేలు

మా చిన్నప్పుడు... తిరుచానూరులో మా ఇంట్లో రోజూ పొద్దున్నే సానరాయి మీద వసకొమ్ము అరగదీసేవాళ్లు. పసిబిడ్డకు కాదు... నాకంటే పెద్దదైన మా పద్మక్కకు. ఆమెకు వయసుతో పాటు బుద్ధి ఎదగలేదు, మాటలు రాలేదు. నాలుకకు వస రాస్తే వస్తాయని మా అవ్వ పట్టుదల.

మాటలు రాకపోయినా అక్కకు సైగలు వచ్చు. తిరుపతిలో అలాంటి పిల్లల బడిలో టీచరమ్మ నేర్పింది. పొట్ట తడితే ఆకలి, బొటనవేలు నోటి దగ్గర వంచితే నీళ్లు, చిటికెన వేలు ఎత్తితే ఒంటేలు... అక్క మొదటిసారి నీళ్లు అడిగి తాగిన రోజు అమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

అవ్వకు మాత్రం ఒళ్లు మండింది. "సేతులు తిప్పతా ఉంటే ఇంక నోరు యాడ తిరగతాది? బిడ్డను మూగిదాన్ని చేస్తా ఉండారు!" అని బడి మాన్పించింది. అక్క చెయ్యి లేస్తే చాలు, విసనకర్ర కాడతో అరచేతి మీద ఒకటి పడేది. "నీళ్లు అను, ఇస్తా" అని చెంబు ఎదురుగా పెట్టుకుని కూర్చునేది. అక్క "నీ... నీ..." అంటూ చెంబు వైపే చూసేది.

బళ్లో మేమంతా చిటికెన వేలు ఎత్తే కదా బయటికి పరిగెత్తింది! మా నోళ్లేమైనా పడిపోయాయా?

ఒకసారి అమ్మవారి పంచమి తీర్థానికి ఇంటినిండా చుట్టాలు. అందరి మధ్యలో అక్క వేలెత్తింది. అవ్వ కొట్టింది. మళ్లీ ఎత్తింది. "నోటితో సెప్పు" అని అవ్వ మళ్లీ కొట్టింది. ఈలోగా పావడా తడిసిపోయింది. అందరూ నవ్వారు. మా పెద్దమ్మ చీర పైకెత్తి పట్టుకుని, "దీన్ని ఎనకింట్లో కట్టేసి పెట్టకూడదా అత్తా?" అంది. అమ్మ నేల తుడిచింది, ఒక్క మాట అనలేదు. నాకు ఇప్పటికీ ఆ మౌనం మీదే ఎక్కువ కోపం.

ఆ తర్వాత అక్క చెయ్యి లేవలేదు. మాటా రాలేదు. అవ్వ పోయినప్పుడు వీధంతా వచ్చి పుణ్యాత్మురాలు అని పొగిడి వెళ్లింది.

ఇప్పుడు కాలం మారింది... సైగలు నేర్పే మేడమ్ ఇంటికే వస్తోంది. సైగలు మాటకు అడ్డం కాదు, ఆసరా అంటుంది. మొన్న మొదటి రోజు అక్క ఎదురుగా కూర్చుని, బొటనవేలు నోటి దగ్గర వంచి, "నీళ్లు... నువ్వూ చెయ్యి పద్మా" అంది.

అక్క కళ్లు గట్టిగా మూసుకుని, రెండు అరచేతులూ ముందుకు చాపింది.

మీ ఇంట్లో ఎవరైనా అక్కలా సైగలతో అడిగేవాళ్లు ఉండేవాళ్లా... ఏం అడిగేవాళ్లు? ఇచ్చారా?