నోరు కుట్టేసిన షార్క్

రాష్ట్రం వచ్చిన మరుసటేడు నేను నల్గొండలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. అప్పటికి సముద్రాన్ని రెండుసార్లే చూశాను, అందులో ఒకసారి వాన. అయినా సైన్స్ ప్రదర్శనకు షార్కులే కావాలంది ఇంటర్ చదివే ఒక అమ్మాయి. వాళ్లది గొర్లు కాసే ఇల్లు.

తెల్ల షార్క్ పెరిగేకొద్దీ దాని తిండీ, తావూ ఎలా మారతాయో మూడు బొమ్మలతో చూపిస్తానంది. పిల్లప్పుడు అది ఒడ్డు దగ్గర తిరుగుతూ చేపలు తింటుంది. పళ్లు సన్నగా ఉంటాయి. పెద్దయ్యాక పళ్లు వెడల్పవుతాయి, నడిసముద్రం దాకా పోతుంది, సీల్ అనే జంతువులనూ వేటాడుతుంది.

బొమ్మల పని వాళ్ల అవ్వ తీసుకుంది. పాత గొంగళ్లు కత్తిరించి, ఎండుగడ్డి కూరి, దబ్బనంతో కుట్టింది. చిన్నది, నడిమిది బాగా కుదిరాయి. ప్రదర్శన ఇంక రెండు రోజులుందనగా అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది.

"పెద్దదాన్ని కుట్టనంటాంది సార్. మీరే వచ్చి చెప్పాలె."

వెళ్లాను. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. పక్కన పెద్ద షార్క్ తోక లేకుండా పడి ఉంది.

"సీలంటే ఏంది సారూ?"

"నీళ్లలో ఉంటుందవ్వా. ఒంటినిండా బొచ్చు. పిల్లలకు పాలిస్తుంది. మందలుగా ఉంటాయి."

"అంటే గొర్రె."

"గొర్రె కాదు..."

"గొర్రె గాక ఇంకేంది? గొర్రెను తినేదానికి గొర్రె బొచ్చుతోటి ఒళ్లు కుట్టాల్నా? గిదేం సదువు సారూ?"

గంటసేపు బతిమిలాడితే ఒక మెట్టు దిగింది. తోక పెడుతుందట, రెక్కలు పెడుతుందట, నోరు మాత్రం కుట్టేస్తుందట. మేం అట్టతో చేసిన వెడల్పు పళ్లు సంచిలోనే ఉండిపోయాయి.

ప్రదర్శనలో నీలం చీర పరిచి, అంచు దగ్గర చిన్నదాన్ని, కాస్త లోపలికి నడిమిదాన్ని, నడిసముద్రంలో పెద్దదాన్ని పెట్టాం. బహుమతులు నిర్ణయించే పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని పెద్దదాని నోటి కుట్లు చూశాడు.

"ఇదేం తింటుందమ్మా?"

"సీళ్లను తినాలె సార్. మా అవ్వ తిననిస్తలేదు."

"మరి బతికేదెలా?"

"సాయంత్రం దాక ఆగుతది సార్."

ఆయన నావైపు చూశాడు. నేను గడియారం వైపు చూశాను.

మధ్యాహ్నం అవ్వ ఆటోలో దిగింది. ముందు పెద్దదాని కుట్లు గట్టిగున్నాయో లేదో వేలితో లాగి చూసింది. తర్వాత నడిమిదాని ముందు చాలాసేపు నిలబడింది.

"రేపు గిది గూడ పెద్దగైతది గద" అంటూ కొంగుముడి విప్పి దబ్బనం తీసి, అందరూ చూస్తుండగా దాని నోరూ కుట్టేసింది. చిన్నదాన్ని వదిలేసింది. "దీనికి ఇంకా టైమున్నది" అంది.

మూడో బహుమతి వచ్చింది. మార్కుల కాగితం మీద 'తావు: బాగుంది. తిండి: ఇంటివారితో మాట్లాడవలెను' అని రాసి ఉంది. ప్రిన్సిపాల్ దాన్ని నాకు పంపి, ఏం చర్య తీసుకున్నారో తెలపమన్నారు.

'మాట్లాడితిని. ఫలితము లేదు' అని రాసి సంతకం పెట్టాను.