పడవ మీద బుడిపె

బందరు రేవుకి డచ్చివాళ్ళు వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సంగతులన్నీ వివరంగా రాసిపెట్టినవాళ్ళున్నారు. పెడనలో అద్దకం అచ్చులు చెక్కే లాల్ సాహెబు కుడి అరచెయ్యి గురించి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. చరిత్రకారుల పక్షపాతానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదు.

ఆ అరచేతికి ఒక అలవాటుంది. చదునుగా కనిపించిన ప్రతిదాన్నీ నిమిరి చూడాలి. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఈ చివరినుంచి ఆ చివరికి. అచ్చు మీద ఆవగింజంత మిట్టపల్లం ఉన్నా గుడ్డ మీద పువ్వుకి రేకు ఎగిరిపోతుంది కనక వృత్తిలో అది అవసరమే. కాని లాల్ హోటలు బల్లని నిమిరేవాడు, బస్సులో ముందు సీటు రేకుని నిమిరేవాడు. పెళ్ళి మాటలకి వెళ్ళినప్పుడు కాబోయే అత్తవారి తలుపు నిమిరి "ఇక్కడ కొంచెం ఎత్తుందండీ" అన్నాడు. పిల్లనిచ్చారు. తలుపు మాత్రం మార్చలేదు.

అలాంటి చేతిని నమ్మి మాణిక్యం పడవ కట్టమన్నాడు.

మాణిక్యం బందరు పక్కన గిలకలదిండిలో సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి. అతని భార్య కొండమ్మ ఎండుచేపల గంప పెడన తెచ్చి అమ్మేది. లాల్‌ని "అన్నయ్యా" అనేది, ఆ వరసన మాణిక్యం బావ అయ్యాడు. కిందటేడు ఉప్పెనలో, పడవని గట్టిగా కట్టేసి వస్తానని మాణిక్యం తమ్ముడు నూకరాజు రేవుకి వెళ్ళాడు. పడవ తరవాత ఎక్కడో పొలాల్లో రెండు ముక్కలై దొరికింది. నూకరాజు దొరకలేదు.

కొత్త పడవ కట్టిద్దామంటే, పడవల వడ్రంగులకి బందరు నుంచి దివిసీమ దాకా ఊపిరాడని పని. "కర్ర సంగతి తెలిసినవాడివి. పాత ముక్కలు చూసి నువ్వే కట్టు బావా," అన్నాడు మాణిక్యం. కర్ర కూడా ఉప్పెన ఇచ్చిందే. అవనిగడ్డ దారిలో కూలిన నిద్రగన్నేరు మానుని కొని గుడివాడలో కోయించారు. అది పూర్తిగా ఎండిందో లేదో అన్న అనుమానం కోసిన రోజు నుంచీ లాల్‌కి ఉంది.

పడవ లాల్ పెరట్లో లేచింది. పడవలు కట్టడంలో తల నెరిసిన సూరయ్య ఓసారి వచ్చి, వేలి కణుపుతో నాలుగుచోట్ల కొట్టి చూసి, "ఫర్వాలేదు" అని వెళ్ళిపోయాడు. బాగుంది అనలేదని లాల్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

చిత్రిక పట్టడం అయింది. చెక్కల సందుల్లో దూదీ గుగ్గిలమూ కూరడం అయింది. బోర్లించిన పడవని ఉప్పుకాగితంతో రుద్ది నున్నచేస్తే ఇక రంగే. అసలు కష్టం అక్కడే మొదలైంది.

ఒక ఉదయం చెయ్యి వేస్తే ముక్కు దగ్గర బుడిపె తగిలింది. రుద్దాడు. మధ్యాహ్నానికి పోయింది. మర్నాడు అదే బుడిపె నడుం దగ్గర తేలింది. రుద్దాడు, పోయింది. ఆ మర్నాడు వెనక వైపు. మళ్ళీ ముక్కు దగ్గరికి. పొద్దున్నే మొదట చెయ్యి ఎక్కడ వేస్తే అక్కడ సిద్ధంగా ఉండేది.

బుడిపె తిరుగుతోందంటే చెక్క కదులుతున్నట్టు. చెక్క కదిలితే మేకు వదులవుతుంది. మేకు వదులైతే... ఆ పైది లాల్ మనసులో కూడా పూర్తిచేసేవాడు కాదు. రుద్దినకొద్దీ చెక్క పలచబడుతుందన్నది వేరే దిగులు. చివరికి నమాజులో చేతులు ఆనించినప్పుడు కూడా, చాప కింద నేల చదునుగా లేదనిపించేది.

ఇలా ఉండగా ఒకనాడు పొద్దున్నే మాణిక్యం, కొండమ్మ వచ్చారు.

"ఇంకా రుద్దుతున్నావా బావా? ఊరంతా వేటకి వెళ్తోంది, నేను ఒడ్డున కూచుని చిరగని వలకి కూడా మాట్లు వేస్తున్నాను. రేపటికి బండి మాట్లాడేశా."

"ఇంకో రెండ్రోజులాగు."

"రోజూ కడుపు నిమరడానికి అదేం సూడిగేదె కాదు బావా, పడవ."

కొండమ్మ గంప దించింది. "అడుగున మొహం చూసుకుని తల దువ్వుకుంటావా ఏంటన్నయ్యా? మా చేపలకి అంత సోకు అక్కర్లేదులే."

లాల్ నవ్వలేదు. ఉప్పుకాగితం పక్కన పెట్టి, "కర్ర కదుల్తోంది బావా," అన్నాడు.

కొండమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. "కదలడమంటే?"

"బుడిపె ఒకచోట ఉండట్లేదమ్మా. రోజుకో చోటికి పోతోంది."

మాణిక్యం చెయ్యి వేసి చూశాడు. తాళ్ళు లాగి లాగి మొద్దుబారిన చెయ్యి అది. "నాకేం తెలీట్లేదే."

"నీ చేతికి తెలీదు."

"అయితే ఈ పడవ ఎక్కద్దు," అంది కొండమ్మ మొగుడితో.

"ఎక్కకపోతే తినేదేంటే?" అన్నాడు మాణిక్యం మెల్లిగా.

ఆ సమయంలో లాల్ భార్య షంషున్నీసా రొట్టెల పీట మీద టీ గ్లాసులు పెట్టుకుని వచ్చింది. అది పెళ్ళైన ఏడు లాల్ స్వయంగా టేకుతో చేసిన పీట. పెడనలో అంత చదునైన వస్తువు ఇంకొకటి లేదని అతని నమ్మకం. గ్లాసులు తీశాక, చెయ్యి అలవాటు కొద్దీ పీట మీదికి వెళ్ళింది. లాల్ మొహం పాలిపోయింది.

"పీట కూడా కదుల్తోంది."

"ఏంటీ?"

"ఎండిన టేకు! ఇదే కదిలితే ఇంక ఏ కర్రని నమ్మాలి?" ఇంటి దూలాలు, మసీదు తలుపులు, రేవులో ఉన్న పడవలు, అన్నీ ఒక్కసారిగా కదులుతున్నట్టు తోచింది అతనికి.

"ఇందాక దీనిమీదే రొట్టెలు ఒత్తాను. గుండ్రంగానే వచ్చాయి. చెయ్యి ఇటివ్వండి," అంది షంషున్నీసా. వెలుతురుకి తిప్పి చూసింది. ఉంగరపు వేలి మొదట్లో చింతగింజంత ఆనెకాయ. ఉప్పుకాగితం చుట్టిన చెక్కముక్క సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. పొద్దున్నే పడవ మీద బుడిపెలా తగిలేది ఇదే. రుద్ది రుద్ది చెయ్యి తిమ్మిరెక్కాక తెలిసేది కాదు.



"ఎడం చేత్తో చూడన్నయ్యా," అంది కొండమ్మ.

లాల్ కళ్ళు మూసుకుని ముక్కు నుంచి వెనకదాకా, అటువైపూ ఇటువైపూ నిమిరాడు. మిగిలిన ముగ్గురూ టీ చల్లారబెట్టుకుంటూ అతని మొహమే చూస్తూ నిలబడ్డారు.

"లేదు," అన్నాడు.

"ఏది లేదు? పడవా?" అన్నాడు మాణిక్యం.

మర్నాడు బండి మీద పడవ గిలకలదిండి చేరింది. మాణిక్యం ఒక డబ్బా మూత తీశాడు. లాల్ తొంగి చూసి, "ఇదేంటి, రంగన్నావుగా?" అన్నాడు.

"పైచెక్కకి నీలం రంగు. అడుక్కి తారే బావా. ఎవడు చూడొచ్చాడు?"

పడవ మొదటిసారి వేటకి వెళ్ళిన రోజు లాల్ అచ్చుల పని మానుకుని, ఐసు షెడ్డు పక్కన, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూచున్నాడు. ఎవరు పలకరించినా ఊ అన్నాడు. మధ్యాహ్నం దాటాక నీలం రంగు కనిపించింది. పడవలో మాణిక్యం ఉన్నాడు, కాసిని కవళ్ళ చేపలు ఉన్నాయి, నీళ్ళు లేవు.

పడవని ఇసుక మీదికి లాగి పక్కకి ఒరిగించారు. లాల్ వెళ్ళి అడుగున చెయ్యి వేశాడు. తారు గడ్డలు గడ్డలుగా ఉంది.