పొద్దు వాలినా ఎక్కే వేడి

దంతాలపల్లికి దగ్గరి పల్లెలో సాలమ్మ కూలి చేసుకొని బతికేది. నాట్లకైనా కోతలకైనా ఆమె ముందు నడిస్తేనే ఆడకూలీలు కదిలేవారు. ఒక ఎండాకాలం యాసంగి వరి కోస్తుండగా ఆమె ఆడపడుచు మైసమ్మ వడదెబ్బ తగిలి పొలంలోనే ప్రాణం విడిచింది. పొద్దు నడినెత్తిన ఉన్నంతసేపూ అందరూ నీడన కూర్చుని జొన్న గట్క తాగారు. పొద్దు వాలాకే మళ్లీ కొడవళ్లు పట్టారు. ఎండ తగ్గాక మనిషి ఎలా పోయిందో సాలమ్మకు అంతుపట్టలేదు.

తర్వాతి చలికాలానికి ఊళ్లో దొర వెట్టికి ఎదురు తిరిగిన సంఘం బలపడింది. దొర పట్నం పారిపోయాడు. జనం అతని కోటలాంటి గడి తలుపులు తెరిచి ధాన్యం పంచుకుంటుంటే, అరుగు గోడకు వేలాడుతున్న గాజు గొట్టం సాలమ్మ కంటపడింది. అది గాలి వేడిని కొలిచే సాధనమని బడిపంతులు సంజీవ చెప్పాడు. సంఘం మనిషి పోశాలు దాని అడుగున వేలు ఆనించగానే లోపలి పాదరసం పైకి జరిగింది. ఇక చూడాలి, నేనంటే నేనని ఊరంతా ఒకరినొకరు తోసుకున్నారు.

ఎండ పడే గోడకు ఉంటే అది గోడ వేడినే చూపుతుందని సంజీవ దాన్ని గాలి ఆడే కొట్టంలో, నీడన కట్టాడు. పనికి పోతూ వస్తూ సాలమ్మ అక్కడ ఆగేది. పొద్దు పొడిచే వేళకు పాదరసం అన్ని వేళలకన్నా కిందికి దిగి ఉండేది. చలికాలపు మధ్యాహ్నం ఎనభై ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర ఆగిన పాదరసం, కోతల నాటికి నూరు దాటింది.

ఒకనాడు ఆమె పని మానుకొని కొట్టంలోనే కూర్చుంది. మిట్టమధ్యాహ్నం సంజీవ వచ్చి అంకె చదివి, ఇక దిగుతుందన్నాడు. దిగలేదు. పొద్దు పడమటికి వాలుతున్నా పాదరసం పైకే పాకింది.

"పంతులూ, పొద్దు వాలింది గద. మరి గిదెందుకు ఎక్కుతున్నది?"

సంజీవ బయటి మట్టిని తాకి, చురుక్కుమనగానే చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. అతని ముఖం వెలిగింది.

"ముందు నేల కాగుతది అక్కా. అది కాగినంక గాలిని కాగబెడతది. గందుకే గాలికి వేడి ఆలస్యంగ ఎక్కుతది."

మైసమ్మ కూలింది సరిగ్గా ఆ వేళకే. సాలమ్మ ఒక్క పరుగున పోయి పోశాలును, మిగతావాళ్లను పిలుచుకొచ్చింది. అందరూ కళ్లారా చూశారు. ఆ సాయంత్రమే సంఘం కొత్త కట్టు పెట్టింది. చల్లపొద్దున పని మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆపాలి, పొద్దు బాగా దిగాకే మళ్లీ కొడవలి పట్టాలి. ఆ కోతల్లో ఒక్కరూ సొమ్మసిల్లలేదు.

పోలీసు చర్య తర్వాత మిలిటరీ వెంట దొర తిరిగొచ్చాడు. పోశాలు అడవి పట్టాడు, సంజీవ జైలు పాలయ్యాడు. మళ్లీ కోతలొచ్చాయి. మధ్యాహ్నం తిన్న వెంటనే పొలంలో దిగమని దొర మనిషి గద్దించాడు. ఆడవాళ్లంతా సాలమ్మ వైపు చూశారు.

"గాలి సల్లబడ్డంకనే దిగుతం," అంది సాలమ్మ. "గప్పటిదాంక ఒక్క కొడవలి లేవది."

మిలిటరీని పిలుస్తానని వాడు బెదిరించాడు. వాళ్లు కదల్లేదు. పండి ముదిరిన వరి గాలి వీచినప్పుడల్లా రాలుతోంది. వాడు గట్టున అటూ ఇటూ తిరిగి, చివరికి మీ ఇష్టం వచ్చినప్పుడే కోయండని వెళ్లిపోయాడు. నీడలు పొడవయ్యాక ఆడవాళ్లు నవ్వుకుంటూ పోటీ పడి మడిలోకి దిగారు. అందరికన్నా ముందు సాలమ్మ ఉంది.