పొట్టి కిలోమీటరు

1979లో నూకరాజు మావ పేరు మీద డెబ్బై రెండు అనే అంకె రాశారు. అది ఆయన నడిపిన వేగం కాదు.

అప్పటికి ఆయన గూడ్సు బళ్ల మీద డీజిల్ అసిస్టెంటు. డ్రైవరు రమణమూర్తి. ఇద్దరిదీ నరసన్నపేట పక్కన ఒకే ఊరు. మావని బిలాస్‌పూర్ తీసుకొచ్చి రైల్వేలో పెట్టించింది రమణమూర్తే. ఒక సాయంత్రం, మరమ్మతులో ఉన్న వంతెన మీద ముప్ఫై దాటకూడని చోట, వాళ్ల బండి డెబ్బై రెండులో పోయింది. పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ల తోపుడు ట్రాలీ నుజ్జయింది. మనుషులు పక్కకి దూకి బతికారు. విచారణలో రమణమూర్తి, తను వెనక ఇంజను చూడ్డానికి వెళ్లాననీ, ఆ సమయంలో హ్యాండిల్ అసిస్టెంటు చేతిలో ఉందనీ చెప్పాడు. ఇంజనులో వేగాన్ని గీసే కాగితపు చార్టు ఒకటి ఉంటుంది. దాని మీద స్పీడు పడుతుంది, చెయ్యి పడదు.

మావ నోరు విప్పలేదు. అన్నం పెట్టించినవాడి మీద ఏం చెబుతాం అనుకున్నాడట. రమణమూర్తి మందలింపుతో బయటపడ్డాడు. మావని ఇంజను మీంచి దించి షెడ్‌లో ఖలాసీగా వేశారు. ఇంజను మీద ఆయన పనిచేసింది మొత్తం రెండేళ్లు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఇంజన్లని తుడిచాడు, విప్పాడు, బిగించాడు. నడపలేదు.

మా నాన్న రైళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మా క్వార్టరుకీ వాళ్ల క్వార్టరుకీ మధ్య ఒక్క గోడ. వరసకి ఏమీ కాకపోయినా ఆయన్ని మావా అనేవాణ్ని. బీఏ రెండోసారి తప్పి, ఉద్యోగం లేక, చిత్తుకాగితాల కొట్లో తూకానికి దొరికిన పుస్తకాలన్నీ తెచ్చుకుని చదువుతున్న రోజులవి. కాలనీలో ఎవరి మొహం చూసినా నాకు చిరాకే. అధికారి కారు తుడవడానికి పోటీపడేవాళ్లు, ఆ అధికారిని ఇంటికొచ్చి తిట్టేవాళ్లు, ఇద్దరూ ఒకరే. మావ ఆ రెండూ చెయ్యలేదు కాబట్టి ఆయన దగ్గర కూర్చునేవాణ్ని.

ఆయనకో పాత బుల్లెట్ ఉండేది. సైన్యం వేలంలో వదిలించుకున్న బండి. పెరట్లో దాన్ని విప్పి, గోనె మీద వరసగా పేర్చి, మళ్లీ కూర్చేవాడు. ఆయన భార్య కనకం అత్త దాన్ని సవతి అనేది.

"తలుపుకి గొళ్లెం ఏయించమని ఆర్నెల్ల నుండి సెప్తన్నాను. దానికి మట్టుకు ఒక్క బోల్టు దొరకదు. దీనికి రోజుకో బోల్టు!"

"తలుపు పరిగెడతాదేటే?" అనేవాడు మావ.

1986లో నేను తెచ్చిన పాత పుస్తకాల్లో ఒక ఇంగ్లీషు మోటారు పత్రిక ఉంది. కలకత్తాలోని ఒక మోటారు క్లబ్బు నమోదు చేసిన రికార్డుల జాబితా అందులో వేశారు. మావ బొమ్మలు చూస్తూ ఒకచోట వేలు పెట్టాడు.

"ఏట్రా వేణూ, ఇక్కడ ఏటి రాసుంది?"

మూడొందల యాభై సీసీ బండి మీద, వేగం అందుకున్నాక ఒక్క కిలోమీటరు. ఇరవై ఏడు దశాంశం నాలుగు సెకన్లు. ఎవరో తేయాకు తోటల మేనేజరు కొడుకు, పాతికేళ్ల కింద చేశాడు. అప్పటినుంచి ఎవరూ దాన్ని దాటలేదు.

మావ పెదాలు కదుపుతూ లెక్క కట్టాడు. రైల్వేలో వేగం కనుక్కునే పద్ధతి అదే. లైను పక్కన కిలోమీటరుకొక పోస్టు ఉంటుంది. పోస్టుకీ పోస్టుకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి, మూడు వేల ఆరు వందల్ని దానితో భాగిస్తారు. మీటరు చెడిపోయినా డ్రైవరుకి ఆ లెక్క చెడదు.

"నూట ముప్పయ్యొకటి," అన్నాడు. పత్రిక నా చేతికిచ్చి, "ఇది సెయ్యొచ్చురా," అన్నాడు.

రెండేళ్లు పట్టింది. డ్యూటీ దిగాక దయాల్‌బంద్‌లో ఒక మెకానిక్ కొట్లో కూర్చుని సిలిండరు హెడ్డు తనే అరగదీశాడు. లైటు తీసేశాడు, మడ్‌గార్డులు తీసేశాడు, సీటు తీసి రెక్సిన్ చుట్టిన చెక్క బిగించాడు. ట్యాంకు మీద బోర్లా పడుకుని నడిపేవాడు. ఒకసారి సర్కండా రోడ్డులో గేదె అడ్డొచ్చి పడ్డాడు, భుజం ఎముక విరిగింది. కట్టుతోనే షెడ్‌కి వెళ్లాడు. అక్కడ అందరూ ఆయన్ని 'డెబ్బై రెండు' అని పిలిచేవారు. సరదాకే అనేవారు. తొమ్మిదేళ్లు అలాగే సరదాగా అన్నారు.

ఎందుకు మావా ఇదంతా అని ఒకసారి అడిగాను.

"నా పేరు మీద ఒక స్పీడు రాసున్నాది కదా. అది నాది కాదు. నాదొకటి రాసుండాల," అన్నాడు.

క్లబ్బుకి ఉత్తరాలు నేనే ఇంగ్లీషులో రాశాను. గంటలోపు అటొకసారి, ఇటొకసారి నడపాలి, రెండింటి సగటే లెక్క. రెండు గడియారాలు ఉండాలి. ప్రభుత్వం పాతిన దూరపు గుర్తుల మధ్య నడపాలి. సాక్షులుగా ఇద్దరు ప్రభుత్వోద్యోగులు సంతకం చెయ్యాలి. లాల్‌ఖదాన్ దాటాక లైను పక్కనే గీత గీసినట్టు పోయే తారు రోడ్డు ఉంది. రోడ్డు మీద కిలోమీటరు రాళ్లూ ఉన్నాయి. కానీ మా కాలనీలో రోడ్డు రాళ్లని ఎవరు నమ్ముతారు? కాంట్రాక్టరు పాతినవి. పక్కనే రైల్వే పోస్టు ఉండగా వాటి మొహం ఎవరూ చూడలేదు. అక్కడున్న రెండు పోస్టుల్ని గుర్తులుగా తీసుకున్నాం. టేపు పెట్టి కొలవాలని ఎవరికీ తోచలేదు. పట్టా సరిగ్గా ఉందా లేదా అని రైలెక్కేముందు ఎవడైనా చూసుకుంటాడా?

1988 జనవరి, ఆదివారం, పొద్దున ఏడు. మంచు విడిపోయింది. మొదటి పోస్టు దగ్గర గార్డు బంగార్రాజు తన పచ్చజెండాతో నిలబడ్డాడు. రెండో పోస్టు దగ్గర రైల్వే స్కూలు డ్రిల్లు మాస్టారూ నేనూ, చెరొక గడియారంతో. బండి మొదటి పోస్టు దాటగానే జెండా కిందికి దించాలి. తిరుగు పరుగులో కూడా అంతే. అక్కడ జెండా, ఇక్కడ మేము.

"నూకరాజూ, పడిపోతే ఈల వెయ్యి. ఎర్రజెండా కూడా తెచ్చాను," అని ఎవరి చోటికి వాళ్లు వెళ్లేముందే బంగార్రాజు నవ్వాడు. మావ నవ్వలేదు. పెట్రోలు తడి చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

జెండా దిగింది. మొదట చప్పుడేమీ లేదు. తర్వాత వచ్చింది చప్పుడులా లేదు, రోడ్డు చీలినట్టుంది. నా బొటనవేలు గడియారం మీద ఎప్పుడు పడిందో నాకే తెలీదు. ఇరవై ఆరు దశాంశం ఎనిమిది. తిరుగులో ఇరవై ఏడు. రెండు గడియారాలూ ఒకటే చెప్పాయి.

బండి ఆపి వచ్చిన మావ కళ్లలోంచి గాలికి నీళ్లు కారుతున్నాయి. అంకె చెప్పాను. "అచ్ఛా," అన్నాడు. అంతే.

రెండు నెలలకి క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. రికార్డుని అంగీకరించామనీ, ధ్రువపత్రం పంపుతామనీ రాశారు. కనకం అత్త క్వార్టరు ముందు పొయ్యి పెట్టించి పాతికమందికి పులిహోర, బూర్లు వండించింది. ఆ రోజు ఎవరూ డెబ్బై రెండు అనలేదు. రమణమూర్తి కూడా వచ్చాడు. అప్పటికి రిటైరై సర్కండాలో ఇల్లు కట్టుకున్నాడు. "మావోడు, నేను తెచ్చినోడు," అని అందరికీ చెప్పాడు.

గ్యాంగులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన అప్పలకొండ తాత బూరె నములుతూ అడిగాడు.

"ఏ పోస్టుల మజ్జిన తీసార్రా?"

మావ చెప్పాడు. తాత నమలడం ఆపేశాడు.

"ఓర్నాయనా, అది పొట్టి కిలోమీటరు కదరా!"

కొత్త లైను వేసినప్పుడు అక్కడి వంపు తీసి పట్టా తిన్నగా వేశారట. దూరం తగ్గింది. దానికోసం ఆ తర్వాతి పోస్టులన్నీ పీకి మళ్లీ పాతలేరు కాబట్టి ఆ తరుగుని ఆ ఒక్క కిలోమీటరులోనే వదిలేశారు. గ్యాంగువాళ్లకి పట్టాల కింది స్లీపర్లు లెక్కపెడితే తెలుస్తుంది. ఆ లైను మీద పదేళ్లు నడిపిన ఏ డ్రైవరుకైనా తెలుస్తుంది.

మావకి ఇంజను మీద రెండేళ్లే.

ఆయన రమణమూర్తి వైపు చూశాడు. రమణమూర్తి ఆకు కింద పడ్డ మెతుకు ఏరుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే ముప్ఫై మీటర్ల స్టీలు టేపుతో మావా, బంగార్రాజూ, నేనూ వెళ్లాం. టేపు ముప్ఫై రెండుసార్లు పడింది, ఆపైన రెండు మీటర్లు. తొమ్మిది వందల అరవై రెండు. మావ రోడ్డు మీద గొంతుక్కూర్చుని సుద్దముక్కతో లెక్క కట్టాడు. నిండు కిలోమీటరుకి ఇరవై ఎనిమిది సెకన్లు. పాత రికార్డు కంటే అర సెకనుకి పైగా ఎక్కువ.

"ఉత్తరం రాయి, వేణూ."

"ఏమని?"

"ముప్పయ్యెనిమిది మీటర్లు తక్కువని."

నాకు ఒళ్లు మండింది. "ఎవడొచ్చి కొలుస్తాడు మావా? నీ మీద అబద్ధం రాసినప్పుడు ఎవడైనా టేపు పట్టుకొచ్చాడా? ఒక అబద్ధం నిన్ను ముంచింది. ఒకటి తేలిస్తే తప్పేంటి?"

ఆయన సుద్దముక్క పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు. "ఆ అబద్ధం రమణమూర్తి బావ ఆడాడనుకుంటన్నావు. సగం నాను ఆడినాను. సెప్పాల్సినప్పుడు సెప్పకపోతే ఏటవుద్దో నాకు తెలుసు. తొమ్మిదేళ్ల నుండి అదే తింటన్నాను. రాత్తావా, డ్రిల్లు మాస్టార్ని అడగమంటావా?"

రాశాను. కావాలనే ఒక మాట ఎటూ తేలకుండా రాస్తే ఆయన తెలుగులో చదివి వినిపించమన్నాడు. విని, "ఇది మెలికలు తిరుగుతున్నాది. తిన్నగా రాయి," అన్నాడు. మళ్లీ రాశాను.

క్లబ్బువాళ్లు పేరు తీసేశారు. మళ్లీ ప్రయత్నించవచ్చని మర్యాదగా జవాబిచ్చారు. ఆ చలికాలం టేపు పెట్టి కొలిచిన నిండు కిలోమీటరులో ప్రయత్నించాడు. ఇరవై ఎనిమిదికి కిందికి రాలేదు. మూడోసారికి పిస్టన్ పట్టేసింది. బండి పెరట్లో గోనె మీదకి చేరింది. కనకం అత్త దాని మీద బట్టలు ఆరేసింది గాని సవతి అనడం మానేసింది.

షెడ్‌లో వాళ్లు ఆయన్ని పిచ్చోడన్నారు. చేతికొచ్చింది పారేసుకున్నాడన్నారు. ఒక మధ్యాహ్నం రమణమూర్తి వచ్చాడు. చాలాసేపు కుర్చీలో కూర్చున్నాడు. మావ టీ గ్లాసు ఇచ్చాడు.

"నేనైతే చెప్పేవాణ్ని కాదురా," అన్నాడు రమణమూర్తి.

"తెలుసు బావా," అన్నాడు మావ.

రమణమూర్తి టీ పూర్తిగా తాగలేదు. ఆ ఇంటికి ఆయన రావడం అదే ఆఖరు.

1993లో నాకు విశాఖపట్నంలో ఒక అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని దొరికింది. మావ నాలుగేళ్ల తర్వాత గుండె ఆగి పోయాడు. మొన్న బిలాస్‌పూర్ వెళితే టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు ఆయన గురించి చెప్పుకుంటున్నారు. నూట అరవైలో కొట్టాడట. పేపర్లో పడిందట. చాలా గొప్పగా చెబుతున్నారు. నాకు కోపం వచ్చింది, అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను విశాఖపట్నం వెళ్లే రోజు ఆయన స్టేషనుకి వచ్చాడు. బండి ఆలస్యం. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. బండి కదిలాక కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, ఊచ పట్టుకుని అన్నాడు.

"పుస్తకాలోడివి కదా, ఎప్పుడైనా ఎక్కడైనా రాత్తావు. ఇరవయ్యెనిమిది సెకన్లని రాయి. అది నాది. తగ్గించకు."